చెట్టుకప్పల లెక్కలో నాన్న గడి

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ రాయబోయే దాంట్లో నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అది కోపంలో చేసిందే. బుద్ధిగా ఆలోచించి చేసుంటే చేసుండేదాన్ని కాదు.

ఎనభైల నడుమ మాట. ఖరగ్‌పూర్‌లో మాది రైల్వే క్వార్టరు. మా తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చి యార్డులో చేరాడు, ఆయన తరవాత నాన్న. నాన్న పని చక్రాలు కొట్టడం. నవ్వకండి, అదే ఆయన పని. గూడ్సు బండి వచ్చి ఆగగానే పొడుగాటి కర్రకు బిగించిన సుత్తి పట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడుస్తూ ఒక్కో చక్రాన్నీ ఒక్క దెబ్బ కొట్టాలి. మంచి చక్రం ఖంగుమంటుంది. బీటపడింది మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికితే ఆ వేగను మీద సుద్దతో గుర్తు పెట్టి మరమ్మతు లైనుకు తోయించాలి. దాన్ని అక్కడ సిక్ లైను అంటారు. నాన్న చెవి దాటి బీటపడ్డ చక్రం బయటికి పోలేదని యార్డంతా చెప్పుకునేవారు. మా ఇంట్లో అయితే అమ్మ రోజుకు రెండుసార్లు చెప్పుకునేది.

నేను ఊళ్ళోనే ఇందా అనే పేట వైపున్న కాలేజీలో జువాలజీ చదివేదాన్ని. మాకో బెంగాలీ మేడం ఉండేవారు. సన్నగా, పొట్టిగా, చీర కుచ్చిళ్ళకు ఎప్పుడూ బురద మరకతో. ఒక్కొక్కరూ ఒక్కో రకం ప్రాణిని ఎంచుకుని, తమ పేటలో అవి ఎన్ని రకాలున్నాయో రెండేళ్ళపాటు వెతికి నోటుబుక్కు రాయాలని ఆవిడ పెట్టిన నియమం. పంచుకునే రోజున నేను ఆఫీసు గుమాస్తాతో ఫీజు రసీదు గురించి పోట్లాడుతూ ఆలస్యంగా వెళ్ళాను. అప్పటికి సీతాకోకచిలుకలు పోయాయి, పిట్టలు పోయాయి, చివరికి సాలీళ్ళు కూడా పోయాయి. మిగిలినవి కప్పలు. అందులోనూ చెట్టుకప్పలు. బెంగాలీలో గేఛో బ్యాంగ్ అంటారు. ఆ వారంలోనే క్లాసులో నాకు ఆ పేరు పెట్టేశారు.

ఏడుస్తూనే మొదలుపెట్టాను. మొదలుపెట్టిన పదిరోజులకే మూడు రకాలు దొరికాయి! బాత్రూము తలుపు వెనక బూడిదరంగుది ఒకటి. జామచెట్టు మానుకు కరుచుకుని ముదురు గోధుమరంగుది ఇంకొకటి. నీళ్ళతొట్టి అంచున పసుపుపచ్చది, వీపు మీద మచ్చలున్నది మూడోది. మూడు పేజీలు, మూడు బొమ్మలు, కింద నా సంతకం. మేడం మూడు పేజీలూ తిప్పి చూశారు. జామచెట్టు దాన్ని పట్టి తెమ్మన్నారు. తెస్తే గాజుసీసాలో తడిగుడ్డతో పెట్టి, మూతికి వల కట్టి, కిటికీ దగ్గర ఉంచి పాఠం మొదలుపెట్టారు. పాఠం అయ్యేసరికి నా గోధుమరంగు కప్ప బూడిదరంగులో కూర్చుని ఉంది. "మూడా, ఒకటా?" అన్నారు ఆవిడ. క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. మా స్టాపు మలంచా వచ్చేదాకా బస్సులో ముఖం కిటికీ వైపు తిప్పుకునే కూర్చున్నాను.

మర్నాడు మేడం నన్ను ఒక్కదాన్నే పిలిచి నేర్పారు. చేతులు తడిపి పట్టుకోవాలి, పొడిచేతులతో పడితే దాని చర్మం మండుతుంది. వేళ్ళ చివర చిన్న బొడిపెల్లాంటి గుండ్రటి పట్లు ఉన్నాయా చూడాలి, వాటితోనే గోడలెక్కుతుంది. తరవాత వెనకకాలు మెల్లిగా చాపి తొడ వెనక చూడాలి. నా కప్పకు అక్కడ ముదురురంగు మీద పసుపు చుక్కలు ఉన్నాయి. వీపు ఎన్ని రంగులు మారినా ఆ చుక్కలు మారవు. ఇంటికి వెళ్ళి బాత్రూముదీ తొట్టిదీ పట్టి చూస్తే రెండింటికీ అవే చుక్కలు. రెండు పేజీలు చింపేశాను.

అన్నం దగ్గర ఇదంతా చెబితే నాన్న పడీపడీ నవ్వారు. మావైపు ఆడపిల్లను గుంట అంటారు.

"రంగు సూసి మోసపోయినావేటే గుంటా? వేగనుకి కొత్త పెయింటేసి పంపుతారు. నవనవలాడిపోతాది. నాను పెయింటు సూత్తానా? సప్పుడు ఇంటాను. నీ కప్ప నోరు తెరిసి అరుస్తాదా నేదా?"

"అరుస్తాది నాన్నా."

"మరింకేటి! ఇను."

ఆ మాట మేడానికి చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మీ నాన్నగారు మాస్టారా?" అన్నారు. కాదు, చక్రాలు కొడతారని చెప్పాను. అయితే ఆయన్నే కూర్చోబెట్టుకో అన్నారు. ఆవిడ పద్ధతేమిటంటే, కప్ప అరుపు లెక్కపెట్టేటప్పుడు ఇద్దరుండాలి. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా అయిదు నిమిషాలపాటు, కప్ప రకానికో గడి చేసుకుని అందులో అరుపుకో గీత గీయాలి. ఇద్దరి గడులూ దాదాపు కలిస్తేనే అది నోటుబుక్కులో ఎక్కాలి. ఒక్కరు విన్నది విన్నట్టు కాదనేవారు ఆవిడ.

అలా ఆ వర్షాకాలమంతా డ్యూటీ దిగాక నాన్న నాతో వచ్చారు. మా క్వార్టర్ల వెనక ఝపటాపూర్ పోయే దారిలో ఒక డోబా ఉండేది, అంటే చిన్న నీటిమడుగు. దాని గట్టు మీద రెండు ఇటుకలు వేసుకుని దీపాలు పెట్టేవేళ కూర్చునేవాళ్ళం. దోమలు పీకేసేవి. "టక్... టక్ టక్ టక్" అని కప్ప మొదలుపెట్టగానే నాన్న కళ్ళు మూసుకుని పెన్సిలు కదిపేవారు. నాకు నలభై రెండు గీతలొస్తే ఆయనకు నలభై మూడు. నాకు ముప్పై అయితే ఆయనకూ ముప్పై. నేను ఏ క్లాసు చదువుతున్నానో ఎవరైనా అడిగితే అమ్మ వైపు చూసే మనిషి ఆయన. అలాంటిది నాతో పక్కపక్కన కూర్చుని నా చదువు చేశారు. ఆ సాయంత్రాలు నా జీవితంలో లేకపోయి ఉంటే నేను ఇంకో మనిషిని అయ్యేదాన్ని. ఈ మాట ఆయన ఉండగా చెప్పాల్సింది, చెప్పలేదు.

అమ్మకు మాత్రం మా వ్యవహారం గిట్టేది కాదు. ఒకరోజు నీళ్ళతొట్టి లోపలి అంచున తెల్లటి నురుగుముద్ద వేలాడుతుంటే నేను సబ్బు తగలేశాననుకుని నన్ను తిట్టిపోసి చీపురు ఎత్తింది. అది కప్ప గుడ్లు పెట్టిన నురుగుగూడు. నేను చీపురుకు అడ్డంపడ్డాను. వారం తరవాత నురుగు కరిగి తోకకప్పలు బొట్లుబొట్లుగా తొట్లో పడుతుంటే అమ్మే పక్కింటివాళ్ళను పిలిచి చూపించింది. "ఓలమ్మో, సూడండే, వానలాగ పిల్లలు!" అంది. అప్పట్నుంచి ఆ తొట్టి మేం వాడకూడదు, కప్పలది.

రెండో ఏడు వర్షాలకు అసలు సంగతి జరిగింది. డోబా మీదికి వంగిన ఒక ఆకు మీద నాకు ఇంతకుముందు ఎప్పుడూ చూడని నురుగు కనిపించింది. గోళీకాయంత. పొద్దున్నే కాలేజీకి పోయేముందు చూసి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి వెతికితే రెండాకుల అవతల దొరికింది. నా చిటికెనవేలి కొసంత కప్ప. తొడ వెనక పసుపు చుక్కలు లేవు. గొంతుకింద తోలు బుడగలా ఉబ్బించి "ట్రిక్, ట్రిక్" అని సన్నగా అరుస్తోంది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. రెండో రకం! మర్నాడు మేడానికి చెప్తే ఆవిడా ఎగిరి గంతేసినంత పని చేసి, వెంటనే పద్ధతి గుర్తుచేశారు. ఇద్దరు లెక్కపెట్టాలి.

ఆ సాయంత్రం నాన్నను లాక్కుపోయాను. ఆకు మీద కప్ప మాకు మూరెడు దూరంలో ఉంది, ఇంకా వెలుతురుంది, గొంతు ఉబ్బడం స్పష్టంగా కనిపిస్తోంది. వీపులు ఆనించుకుని కూర్చుని అయిదు నిమిషాలు గీశాం. నాకు అరవై ఒకటి వచ్చాయి. నాన్న కాగితం తీసుకుని చూస్తే పెద్దకప్ప గడిలో గీతలున్నాయి. చిన్నకప్ప గడి ఖాళీ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిద్రపోయినావా నాన్నా? ఒక్క అయిదు నిమిషాలు కూకోలేవా నాకోసం? రేపు మేడంకి ఏటి సూపించాల?" అని అరిచేశాను. ఆయన ఇటు తిరిగి కప్ప ముందు గొంతుక్కూర్చున్నారు. కప్ప అరుస్తోంది. ట్రిక్, ట్రిక్, ట్రిక్. గొంతు ఉబ్బుతోంది, తగ్గుతోంది. నాన్న దాన్నే చూస్తూ మెల్లిగా అడిగారు.

"ఇది అరవదేటే? ఒట్టినే గొంతు ఉబ్బిస్తన్నాదెందుకు?"

నా కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "అవును నాన్నా, అరవట్లేదు" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అదే అయి ఉంటుంది. తిరిగి వస్తుంటే దారిపొడుగునా కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా కూస్తున్నాయి. ఆయనకు అవీ వినిపించడం లేదని అప్పుడు తట్టింది.

ఇంటికొచ్చాక అన్నీ ఒక్కొక్కటే కలిశాయి. అమ్మ రెండుసార్లు పిలిస్తే గానీ పలకకపోవడం. మేమంతా అది ఆయన దర్జా అనుకున్నాం. రేడియో పెద్దగా పెట్టడం. ఆ ఏడాదిలో బాగున్న వేగన్లకు కూడా తను సుద్దగుర్తులు పెడుతున్నానని, బళ్ళు ఊరికే నిలిచిపోతున్నాయని పైవాళ్ళు తిడుతున్నారని అమ్మతో గొణుక్కోవడం. మంచి చక్రం ఖంగుమనడం కూడా సన్నటి శబ్దమే కదా. ఆ ఖంగు వినపడకపోతే ఏది మంచిదో ఏది బీటపడిందో ఆయనకెలా తెలుస్తోంది? ఏదో ఒకరోజు బీటపడ్డదాన్ని బాగుందనుకుని పంపేస్తే? మొత్తం బండి, దాని డ్రైవరు, గార్డు. అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. పొద్దున్నే ఆయనకు డ్యూటీ.

తెల్లారి నాన్న బూట్లు వేసుకుని తలుపు మూల చూశారు. సుత్తి లేదు. మంచం కింద చూశారు, వరండాలో చూశారు.

"నా సుత్తి ఏదే?" అని అమ్మనడిగారు.

"నాకేటి తెలుసు? ఆ మూలే కదా ఎట్టినారు."

"నాను దాసేసినాను" అన్నాను నేను.

బియ్యం డబ్బా మీద కూర్చుని ఉన్నాను. కర్ర సగం డబ్బా వెనకనుంచి బయటికే కనిపిస్తోంది, అంత గొప్పగా దాచాను. నాన్న నవ్వబోయారు. నా ముఖం చూసి ఆగిపోయారు.

"ఇచ్చీయే. టైమయిపోతన్నాది."

"ఇవ్వను. రాత్రి కప్ప అరిసినాది నాన్నా. అరవై ఒక్కసార్లు అరిసినాది. నీకు ఇనిపించలేదు."

అమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నాన్న నా మీద చెయ్యెత్తారు. జీవితంలో ఆ ఒక్కసారే. ఎత్తిన చెయ్యి దించి గడప మీద కూర్చుండిపోయారు.

"నాకు తెలుసునే" అన్నారు. "ఏడాదయినాది. ఎడమచెయ్యి సక్రం మీద ఎట్టి కొడతన్నాను. సెవి సెప్పనిది సెయ్యి సెప్తాది. అనుమానమొస్తే సుద్ద గీసెత్తన్నాను. వాళ్ళు తిట్టినా గీసెత్తన్నాను."

"అనుమానం రానిదో?" అన్నాను.

నాకు అప్పటికే వెక్కిళ్ళొస్తున్నాయి, అయినా డబ్బా మీదనుంచి లేవలేదు. "నీ సెవి పోతే పోనీ నాన్నా, సక్రం పోతే ఎవుడు పోతాడో నీకు తెలుసు కదా" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటకు నాకే ఒళ్ళు జలదరిస్తుంది. కన్నతండ్రితో అలా మాట్లాడే అమ్మాయిని మా పేటలో ఎవరూ మెచ్చుకునేవారు కాదు.

ఆయన లేచి చెయ్యి చాపారు. "ఇయ్యి. కొట్టడానికి కాదు. నానే తీసుకెళ్ళి ఆఫీసులో అప్పజెప్తాను. ఇంకెవుడో వచ్చి నా సేతిలోంచి లాక్కోకూడదు." అప్పుడిచ్చాను.

రైల్వే ఆసుపత్రిలో పరీక్ష చేసి ఆ పనికి పనికిరారని కాగితం రాసిచ్చారు. స్టోర్సులో కూర్చుని సామాను అందించే పని వేశారు. మనిషి ఒక్కసారిగా పదేళ్ళు పెద్దయిపోయారు. నాతో మాట్లాడలేదు. తిట్టలేదు కూడా, తిట్టినా బాగుండేది. నా ముందునుంచి పోతూ నేనక్కడ లేనట్టు పోయేవారు. మూడు వారాలు అలా గడిచాయి. నేను మా నాన్నను చంపుకున్నాననే అనుకున్నాను. నోటుబుక్కు ముట్టుకోలేదు. మేడం అడిగితే అంతా చెప్పేసి, రెండో కప్పకు రెండో గడి లేదు కాబట్టి దాన్ని తీసేస్తానన్నాను. ఆవిడ ఆ రోజు సాయంత్రమే బస్సెక్కి మా పేటకు వచ్చారు. బురదలో నాతోపాటు గట్టు మీద కూర్చుని రెండో గడి తానే గీశారు. పుస్తకాలన్నీ తిరగేసినా ఆ చిన్నకప్ప ఏ జాతో ఆవిడకూ తేలలేదు. 'చెట్టుకప్పే, జాతి నిర్ధారణ కాలేదు' అని రాయించారు. తెలియనిది తెలియదని రాయడంలో సిగ్గేముందన్నారు. ఆవిడకు నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

నాలుగో వారంలో నాన్న అమ్మతో అన్నారు, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాలని. మా చర్చివాళ్ళలో అది మామూలే. కొత్త ఉద్యోగమొస్తే, బిడ్డ పుడితే, జబ్బు నయమైతే అయ్యగారిని, అంటే మా పాస్టరుగారిని పిలుస్తాం. చుట్టుపక్కల వాళ్ళనీ పిలిచి పాటలు పాడి ప్రార్థన చేసి ఉప్మా, టీ ఇస్తాం. మేలు జరిగితే పెట్టుకునే కూడిక అది.

"ఏటికండీ కూడిక?" అంది అమ్మ. "సెవి పోయినందుకా? మంది నవ్వుతారు."

"నవ్వితే నవ్వుతారు. ఉప్మాలో జీడిపప్పెయ్యి" అన్నారు నాన్న.

ఆదివారం ఇల్లు నిండింది. చాపలు చాలక వరండాలో కూడా కూర్చున్నారు. పాటలయ్యాక అయ్యగారు దగ్గి, "ఈ కుటుంబానికి దేవుడు చేసిన మేలేమిటో సోదరుడు చెబుతాడు" అన్నారు. ఆయనకూ తెలియదు పాపం. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్న లేచారు. నా వైపు చూడలేదు.

"డోబా కాడ ఒక సిన్న కప్ప ఉన్నాది" అని మొదలుపెట్టారు. అందరూ నవ్వారు. ఆయనా కొంచెం నవ్వి, ఆగారు. "దాని అరుపు నాకు ఇనిపించనేదు. మా గుంటకి ఇనిపించినాది. అది నా సుత్తి దాసేసినాది. అప్పటికి ఏడాదై సెవి నేకుండా నాను సక్రాలు కొడతన్నాను. ఎవులికీ సెప్పనేదు. భయం. ఆ ఏడాదిలో నా సేతిమీదుగా ఎల్లిన బళ్ళన్నీ సేమంగా సేరినాయి. అది నా గొప్ప కాదు. అందుకే మిమ్మల్ని పిలిసినాను. ప్రభువుకి వందనాలు. నా కూతురికి కూడా వందనాలు."

ఎవరూ నవ్వలేదు, ఆమెన్ అనడం కూడా మరిచిపోయారు. గోడవారగా కూర్చున్న ఒకావిడ లేచింది. పక్కవీధిలో ఉండే గూడ్సు డ్రైవరు భార్య, చంకలో పిల్లవాడు. జనాన్ని దాటుకుంటూ నా దగ్గరకు వచ్చింది. ఖాళీగా ఉన్న చేత్తో నా చెయ్యి పట్టుకుని తన కళ్ళకు అద్దుకుంది.

"మా ఆయన ఇప్పుడు బండి మీదే ఉన్నాడమ్మా" అంది.